మేడిపల్లి దాటాక

మేడిపల్లి దాటి కొంత దూరం పోయేసరికి వెనక సీట్లోంచి మొగిలవ్వ గొంతు వినిపించింది.

"బిడ్డా, జర పక్కకు ఆపు."

సరిత అద్దంలో చూసింది. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కారును రోడ్డు పక్క మట్టిలోకి దించి, హ్యాండ్ బ్రేక్ లాగి, నీళ్ల సీసాతో దిగింది. మొగిలవ్వ తుమ్మచెట్టు మొదట్లో కూర్చుని పొద్దున తాగిన గంజి అంతా కక్కేసింది. సరిత ఆమె వీపు నిమిరి, మొహం కడిగి, మళ్లీ సీట్లో కూర్చోబెట్టింది.

"డయాలసిస్ అయినంక కక్కుకుంటే గది వేరే ముచ్చట," అన్నాడు మొగిలవ్వ కొడుకు సాయినాథ్. ఆ రోజు అతను పనికి సెలవు పెట్టి తల్లి వెంట వచ్చాడు. "పోయేటప్పుడే గిట్లయితే ఎట్ల సరితక్కా? అవ్వ రోజూ చెప్తనే ఉన్నది, బండి ఊగుతదని."

"ఊగుడు గాదురా," అంది మొగిలవ్వ కళ్లు మూసుకునే. "ముందుకు గుంజుతది, మళ్ల ఇడిసిపెడ్తది. మళ్ల గుంజుతది. కడుపుల తిప్పుతది."

ముందు సీట్లో కూర్చున్న ధనుంజయ్ తల తిప్పకుండానే అన్నాడు. "ఎక్సలేటర్ మీద కాలు ఒక్కతీరుగ ఉంచుమని ఎన్నిమాట్ల చెప్పిన. కాలు నిలుస్తలేదు."

సరిత గేరు వేసి కారును రోడ్డెక్కించింది.

ధనుంజయ్ ఆమె భర్త. కోరుట్లలో నేతపని సన్నగిల్లినప్పుడు మగ్గం వదిలి స్టీరింగ్ పట్టినవాళ్లలో అతనొకడు. ఏళ్ల తరబడి ఇతరుల బండ్లు నడిపి, చివరికి ఒక పాత పెట్రోలు కారు సొంతానికి కొనుక్కున్నాడు. దాన్ని తనివితీరా నడుపుకోకముందే షుగరు కళ్ల మీదికి వచ్చింది. పక్కలు కనిపిస్తాయి కాని, దేన్ని సూటిగా చూస్తే దాని మీదే మసక మచ్చ ఒకటి పడుతుంది. ఇక బండి నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కారు అమ్మేయమని చుట్టాలందరూ అన్నారు. సరిత ఒక్కతే అడ్డం తిరిగింది. బీడీలు చుట్టే చేట పక్కన పెట్టి, "నాకు నేర్పు," అంది.

అతనే నేర్పాడు. లైసెన్సు వచ్చినప్పటి నుంచి ఆమె నడుపుతుంది, అతను పక్కన కూర్చుంటాడు. చూపు ఆనకపోయినా బండి ఎలా పోతున్నదో అతనికి ఒంటితో తెలుస్తుంది. గేరు ఆలస్యంగా మార్చినా తెలుస్తుంది, క్లచ్ మీద పాదం మరిచిపోయినా తెలుస్తుంది. ఆడమనిషి నడుపుతుందని విని ముసలమ్మలు, నెల తప్పినవాళ్లు ఆసుపత్రికి పోవాలంటే ఆమెకే ఫోన్ చేసేవారు. కోరుట్ల మనిషైన మొగిలవ్వకు డయాలసిస్ వంతు జగిత్యాలలో దొరికింది. వారానికి మూడుసార్లు ఆమెను తీసుకుపోయి తీసుకొచ్చేది సరితే.

ఈ గుంజుడు మొదలై కొన్ని వారాలైంది. ఖాళీ రోడ్డు, నాలుగో గేరు, పాదం కదపకుండా పెట్టినా స్పీడు ముల్లు ఒకచోట నిలవదు. కొంచెం ఎక్కుతుంది, కొంచెం దిగుతుంది. పక్కన పోయే బండివాడికి తెలియనంత కొంచెం. బండిలో కూర్చున్నవాళ్ల కడుపుకు మాత్రం తెలుస్తుంది. సరిత చెప్పు విప్పి ఒట్టి కాలితో నడిపి చూసింది. మడమను కింద నేలకు గట్టిగా ఆనించి చూసింది. పిక్క పట్టేసిందే తప్ప ముల్లు నిలవలేదు. చివరికి తన కాలి మీద తనకే నమ్మకం పోసాగింది.

జగిత్యాలలో తల్లిని లోపల పడుకోబెట్టి సాయినాథ్ బయటికి వచ్చాడు. సరితను కారు దగ్గర నుంచి కొంచెం పక్కకు పిలిచాడు.

"ఏమనుకోకు అక్కా. వచ్చే సోమారం సంది వేరే బండి మాట్లాడుకున్నం. నీ తప్పని అంటలేను. అవ్వకు ఒంట్ల తాకత్ లేదు, తొవ్వల గిట్ల కక్కుకుంటే ఏం మిగుల్తది?"

సరిత వేళ్ల మీద లెక్క చూసుకుంది. తర్వాత తలెత్తింది. "గీ వారం ఇంక రెండు సార్లున్నది గదా తమ్మీ?"

"ఉన్నది."

"గా రెండు సార్లు నేనే తీస్కపోత. శుక్రారం నాడు అవ్వనే అడుగు. అవ్వ వద్దంటే నేను మళ్ల ఫోన్ సుత చెయ్య."

సాయినాథ్ సరేనని తలూపి లోపలికి పోయాడు.

అక్కడి నుంచి వాళ్లు సురేందర్ షెడ్డుకు పోయారు. జగిత్యాలలో ధనుంజయ్ ఎప్పటినుంచో నమ్మిన మెకానిక్ అతను. ఈ కారుకు ప్లగ్గులు మార్చింది, గాలి ఫిల్టర్ మార్చింది, థ్రాటిల్ కడిగింది అతనే. ఆ రోజు షెడ్డు ముందు వరుసగా బండ్లున్నాయి. వీళ్ల వంతు వచ్చేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చింది. సురేందర్ కారు తీసుకుని ఒక రౌండు కొట్టి వచ్చాడు.

"నాకేం తెలుస్తలేదు వదినా. వెన్నలెక్క పోతున్నది." ధనుంజయ్ వైపు చూసి నవ్వాడు. "అన్న చెప్పేదే కరెక్టు అనుకుంట. కొత్త కాలు గదా."

"కొత్తదేంది, రెండో ఏడు నడుస్తుంది," అంది సరిత.

"అయితే క్లచ్ ప్లేట్ అరిగిందేమో. జారుతుందేమో. దింపుమంటే గేర్‌బాక్స్ దింపి చూస్త."

"ఏమో అంటే గేర్‌బాక్స్ దింపుతరా తమ్మీ? దింపినంక గదీ కాదంటే?"

ధనుంజయ్‌కి కోపం వచ్చింది. తన మనిషి ముందు ఆమె అలా అడగడం అతనికి నచ్చలేదు. డయాలసిస్ అయ్యాక మొగిలవ్వను ఎక్కించుకుని తిరిగి వస్తుంటే మేడిపల్లి దాటాక బండి మళ్లీ గుంజడం మొదలుపెట్టింది. వెనక మొగిలవ్వ మూలిగింది. "అగో," అన్నాడు ధనుంజయ్, "మళ్ల."

కోరుట్లలో ఇంటికి చేరాక సరిత ఇంట్లోకి పోలేదు. స్టీరింగ్ ముందే కూర్చుని ఆలోచించింది. పోయేటప్పుడూ మేడిపల్లి దాటాకే, వచ్చేటప్పుడూ మేడిపల్లి దాటాకే. అంతకుముందు అద్దం మీద పోయినట్టే పోయింది. తన కాలికే రోగముంటే కోరుట్లలో బయలుదేరినప్పుడు కనిపించకూడదా? జగిత్యాల నుంచి బయలుదేరినప్పుడు కనిపించకూడదా?

ధనుంజయ్ అరుగు మీద కూర్చుని మందులు వేసుకుంటున్నాడు. ఆమె పోయి ఈ మాటే చెప్పింది.

"గక్కడ రోడ్డే గట్ల ఉన్నది," అన్నాడు. "ఎగుడు దిగుడు."

"రోడ్డో, కాలో, బండో రేపు తేలుస్త. పొద్దుగాల్ల మెట్‌పల్లి దిక్కు పోదాం."

"మెట్‌పల్లిల ఏమున్నది?"

"ఏం లేదు. ఇటు దిక్కు సుత గట్లనే చేస్తదా చూడాలె."

మరునాడు తెల్లవారి చాయ తాగి బయలుదేరారు. జగిత్యాలకు పూర్తిగా ఎదురు దిశ. రోడ్డు బాగుంది, బండ్లు పలచగా ఉన్నాయి. కారు మెత్తగా పోతూనే ఉంది. రోడ్డే కారణమేమోనని సరితకు అనుమానం వచ్చింది. మెట్‌పల్లి దగ్గర పడుతుండగా సీటు కింద ఆ పాత కదలిక వచ్చింది. ముందుకు ఒక చిన్న గుంజు, తర్వాత ఒక చిన్న సడలింపు. ఆమె ధనుంజయ్ మొహం చూసింది. అతనికీ తెలిసింది.

"మేడిపల్లి ఎంత దూరమో మెట్‌పల్లి సుత గంతనే," అంది సరిత. "రోడ్డు కాదు. బండి కొంత దూరం ఉరికి వేడెక్కినంకనే షురూ చేస్తంది."

"వేడెక్కేసరికి నీ కాలు సుత అలుస్తది," అన్నాడు ధనుంజయ్. కాని ఆ మాటలో నిన్నటి గట్టిదనం లేదు.

సరిత మరో కిలోమీటరు పోయి ఎడమకు తిప్పింది. అక్కడ పొలాలను చదును చేసి వేసిన కొత్త వెంచర్ ఉంది. వెడల్పాటి తారు రోడ్లు, రంగు రాళ్లు పాతిన ప్లాట్లు, గేటు మీద పెద్ద బోర్డు. ఇల్లు ఒక్కటి కూడా లేవలేదు. మనిషి లేడు, పశువు లేదు. ఆమె ఇంజను ఆపకుండా కారు నిలిపి దిగి, చుట్టూ తిరిగి వచ్చి అతని వైపు తలుపు తెరిచింది.

"దిగు. నువ్వు నడుపు."

ధనుంజయ్ కదల్లేదు. "పరాచికమా?"

"కాదు. నీ కాలు నిలుస్తది గదా. నీ కాలు కింద బండి నిలిస్తే నాదే తప్పు అంట. మళ్ల దీని ముచ్చట ఎత్తనే ఎత్త."

"నాకు ముందట కనవడదని తెల్వదా నీకు?"

"నాకు కనవడుతది. నేను పక్కన కూసుంట, స్టీరింగ్ మీద చెయ్యేస్త. హ్యాండ్ బ్రేక్ నా చేతిల ఉంటది. నువ్వు కాలు ఒక్కటి చూస్కో."

అతను సీటు బెల్టు విప్పాడు. ఆ సీట్లోకి పోవడం అంటే అతనికి భయమో, ఆశో సరితకు తెలియలేదు. చివరికి దిగాడు. బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ అటువైపు నడిచాడు. కూర్చున్నాక సీటును అలవాటుగా వెనక్కి జరుపుకున్నాడు. గేరు రాడ్డు మీద అరచెయ్యి పెట్టి ఒకసారి అటూ ఇటూ కదిపాడు.

"పోనీ," అంది సరిత. "సాఫుగ ఉన్నది. సీదా."

అతను క్లచ్ మెత్తగా వదిలాడు. కారు కదిలినట్టే తెలియలేదు. రెండు, తర్వాత మూడు. ఆమె ఎడమ చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీద, కుడి చెయ్యి స్టీరింగ్ మీద ఉన్నాయి.

"ఇగ కాలు గట్లనే ఉంచు. జర కుడికి. ఆ, సీదా."

కొంచెం దూరం పోయింది. బండి ముందుకు గుంజింది. సడలింది. మళ్లీ గుంజింది. ధనుంజయ్ కనుబొమలు ముడిపడ్డాయి. అతను పాదాన్ని రాయిలా పెట్టాడు, అది సరితకు కనిపిస్తూనే ఉంది. మడమ నేలకు ఆని ఉంది, వేళ్లు కదలలేదు. బండి మాత్రం తన పద్ధతి మానలేదు.

"మెల్లగ ఆపు. ముందట మలుపున్నది."

అతను ఆపాడు. న్యూట్రల్ చేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచుకుని కూర్చున్నాడు. ఎక్కడో బోరు మోటారు పోస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నీ కాలు కాదు," అన్నాడు.

సరిత కిటికీలోంచి బయటికి చూసింది. ఇన్ని వారాలుగా ఈ మాట కోసమే కాచుకుంది. తీరా విన్నాక గెలిచినట్టు అనిపించలేదు. అతను ఆ సీట్లోంచి దిగాల్సి ఉందన్న సంగతే మనసులో మెదిలింది.

"ఇంకో రౌండు కొడ్తవా?" అని అడిగింది.

"వద్దు." తలుపు తెరుచుకుని దిగాడు. చుట్టూ తిరిగి వస్తూ సగంలో ఆగి అన్నాడు. "నేను గన్ని మాటలన్న. ఒక్కనాడన్న నా మీదికి రాకపోతివి."

"మీదికి వస్తే బండి బాగైతదా? ఎక్కు."

ఆ మాటతో ఇద్దరి మధ్యా ఏదో తేలికైంది. ఇంటికి వచ్చే దారంతా ధనుంజయ్ అడుగుతూనే ఉన్నాడు. అతనికి ముళ్లు కనిపించవు కాబట్టి ఆమెనే చూసి చెప్పమన్నాడు.

"బండి గుంజినప్పుడు స్పీడు ముల్లు లేస్తదా?"

"లేస్తది."

"ఆర్‌పీఎం ముల్లు?"

"గది సుత లేస్తది. రెండు జోడుగ లేస్తున్నయి, జోడుగ దిగుతున్నయి."

ధనుంజయ్ తొడ మీద చరుచుకున్నాడు. "అయితే క్లచ్ కాదు. క్లచ్ జారితే ఇంజను ఒక్కటే గీపెడ్తది, బండి ఉరకదు. రెండు జోడుగ ఆడుతున్నయంటే క్లచ్ మంచిగనే పట్టుకున్నది. రోగం ఇంజన్లనే ఉన్నది."

"గేర్‌బాక్స్ దింపకపోవుడు మంచిదైంది," అంది సరిత. సురేందర్ పేరు ఎత్తలేదు.

బుధవారం మళ్లీ మొగిలవ్వ వంతు. సరిత మేడిపల్లి దాటాక స్పీడు తగ్గించి, ఎక్కువ సేపు మూడో గేరులోనే తీసుకుపోయింది. అయినా మొగిలవ్వ కళ్లు తెరవలేదు, కొంగు నోటి మీద నుంచి తీయలేదు. ఆమెను లోపలికి పంపించి, ఇంజను చల్లారకముందే ఇద్దరూ కొండగట్టు రోడ్డు పట్టారు.

ఆ దారి అంతా వాళ్లకు పరీక్షే. సరిత ఏసీ ఆపి చూసింది. గుంజుడు ఆగలేదు. కిటికీలు దించి చూసింది, లైట్లు వేసి చూసింది, తేడా లేదు. తర్వాత గుట్ట ఎక్కే మలుపులు వచ్చాయి. రెండో గేరులోకి దించి, యాక్సిలరేటర్ లోతుగా తొక్కింది. ఇంజను బరువుగా మోగుతూ ఎక్కింది. మలుపు తర్వాత మలుపు. ఆమె చెవులు రిక్కించి కూర్చుంది. ఒక్కసారి కూడా తడబడలేదు.

పైన, గుడికి వచ్చే జనం బండ్లు నిలిపే చోట ఆపింది. కోతులు బానెట్ మీదికి దూకాయి. ధనుంజయ్ వాటిని అదిలించాడు.

"పెట్రోలు సాలకపోతే ఎత్తు మీదనే దమ్ము తియ్యాలె," అన్నాడు ఆలోచిస్తూ. "ఎక్కువ తొక్కితే ఎక్కువ తాగుతది గదా. గక్కడ మంచిగ ఎక్కింది. అంటే పెట్రోలు సాఫుగనే అస్తంది."

"తక్కువ తొక్కినప్పుడే నిలుస్తలేదు."

"తక్కువ తొక్కినప్పుడు ఇంజను గాలి కోసం గట్టిగ పీలుస్తది. గప్పుడు ఎక్కడన్న చిన్న తొర్ర ఉన్నా గండ్లకెల్లి దొంగగాలి గుంజుకుంటది. గాలికి పెట్రోలుకు లెక్క తప్పుతది. లెక్క సరిజేసుకోవాలని పెంచుతది, దించుతది." అతను ఆగాడు. "ఎక్కడో పైపు పగిలింది సరితా."

"మరి సురేందర్‌కు ఎందుకు దొరకలే?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకే తట్టింది. సురేందర్ దగ్గర ప్రతిసారీ కారు గంటల తరబడి నిలబడింది. వంతు వచ్చేసరికి చల్లారిపోయింది. చల్లని బండిని తీసుకుని అతను షెడ్డు చుట్టూ తిరిగి వచ్చాడు. రోగం లేని వేళ చూసి రోగం లేదన్నాడు.

"వేడి మీద ఉన్నప్పుడే చూపియ్యాలె," అంది. "ఇంజను బంద్ చెయ్యకుంటనే."

జగిత్యాలలో వరుస తప్పదు. ధనుంజయ్‌కి వేణు గుర్తొచ్చాడు. వేణు ఒకప్పుడు అతనితో పాటు కిరాయి బండ్లు నడిపి, తర్వాత సిరిసిల్లలో చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. సిరిసిల్ల సరిత పుట్టిన ఊరు కూడా. గురువారం పొద్దున ఫోన్ చేసి, "ఆపకుంట వస్తున్నం, చెయ్యి ఖాళీ పెట్టుకో," అని చెప్పి బయలుదేరారు. కథలాపూర్, రుద్రంగి, వేములవాడ దాటి సిరిసిల్ల చేరేసరికి కారు గంటకు పైగా ఉరికి ఉంది. గుంజుడు ఎంత బాగా తెలుస్తున్నదంటే, సరితకు మొదటిసారి ఆ రోగం మీద సంతోషం కలిగింది.

వేణు షెడ్డుకు రెండు పక్కలా మరమగ్గాల కార్ఖానాలు. ఆ చప్పుడులో మాట వినపడాలంటే చెవి దగ్గరికి పోవాలి. సరిత పుట్టి పెరిగింది ఆ చప్పుడులోనే కాబట్టి ఆమెకు ఇబ్బంది లేదు. కారు ఆగగానే వేణు తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

"బంద్ చెయ్యి వదినా. జర చల్లారనీ. చేతులు కాల్తయి."

"చల్లారితే దొరకదు తమ్మీ. చల్లారినంక చూసినోళ్లందరు ఏం లేదన్నరు. ఇప్పుడే చూడాలె."

వేణు ధనుంజయ్ వైపు చూశాడు. ధనుంజయ్, "ఆమె చెప్పినట్టు చెయ్యి," అన్నాడు.

బానెట్ ఎత్తారు. వేడి మొహానికి కొట్టింది. ఇంజను నిలబడి ఆడుతుంటే దాని మోతలో ఒక చిన్న హెచ్చుతగ్గు ఉంది. వేణు టార్చి వేసి పైపులన్నీ చూశాడు. కంటికి ఏదీ పగిలినట్టు లేదు. పగులు ఉంటే గాలి పీల్చే సన్నని చప్పుడు వస్తుంది, కాని మగ్గాల మోతలో అది వినే దారి లేదు.

"విననీకి రాదు. కార్ఖానలు బంద్ అయ్యేదాక ఆగుదామా?" అన్నాడు వేణు.

"గప్పటికి చల్లారుతది," అంది సరిత. కాసేపు ఆ పైపులను చూసింది. "ఒక్కొక్క పైపును పట్టుకారుతో ఒత్తి చూద్దాం. గాలి దూరే పైపును ఒత్తితే ఇంజను మోత ఒక్కతీరుగ నిలవాలె గదా?"

వేణు ఆలోచించి తలూపాడు. "ఒత్తొచ్చు. గుడ్డ సుట్టి ఒత్తాలె, లేకుంటే పైపే తెగుతది. గని ఇంజను నిలిచిందా లేదా గీ మోతల ఎట్ల ఎరుకైతది?"

ధనుంజయ్ అప్పటికే డ్రైవర్ సీటు వైపు నడుస్తున్నాడు. కూర్చుని, పాదాన్ని పెడల్ మీద ఆనీ ఆననట్టు పెట్టి, అరచేతిని గేరు రాడ్డు మీద ఉంచాడు. "నాకు ఎరుకైతది. ఒత్తుండ్రి."

వేణు మొదట బ్రేకుకు పోయే లావు పైపు ఒత్తాడు. ధనుంజయ్ తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఇంకొకటి. ఊహూ. ఇంకొకటి. చెయ్యి కాలి వేణు వెనక్కి లాక్కున్నాడు, నీళ్లలో ముంచుకుని మళ్లీ వచ్చాడు. ఇంజను వెనక వైపు, కిందికి వంగి పోయే ఒక చిన్న రబ్బరు పైపు మిగిలింది. అక్కడికి వేణు లావు చెయ్యి పోవడం లేదు.

"నాకియ్యి," అంది సరిత. కొంగు నడుముకు దోపి, మోచేతి దాకా గుడ్డ చుట్టుకుని, బానెట్ మీదికి వంగి చెయ్యి లోపలికి పెట్టింది. వేడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పట్టుకారు మూతికి పైపు చిక్కింది. మెల్లగా ఒత్తింది.

ధనుంజయ్ చెయ్యి పైకి లేచింది.

"ఆగు. గట్లనే ఉంచు." కొద్దిసేపు అలాగే కూర్చున్నాడు. "నిలిచింది. ఇడువు ఒకసారి."

ఆమె వదిలింది.

"మళ్ల ఆడుతుంది. ఒత్తు."

ఒత్తింది.

"నిలిచింది," అన్నాడు ధనుంజయ్. ఈసారి గట్టిగా, మగ్గాల మోత మీదుగా వినపడేలా.

ఇంజను ఆపి ఆ పైపు ఊడదీశారు. చేతిలో సీదాగా పట్టుకుంటే ఏమీ లేదు. వేణు దాన్ని వెనక్కి వంచాడు. వంపు లోపలి వైపు, కింద, గోటి గీత లాంటి పగులు నోరు తెరిచింది. వేడికి రబ్బరు మెత్తబడి ఇది విచ్చుకుంటుందని, చల్లబడగానే బిగుసుకుని మూసుకుంటుందని వేణు చెప్పాడు. "గందుకే ఎవ్వరికి దొరకలే," అన్నాడు.

సరిత ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చూసింది. ముంజేతి మీద ఎర్రగా కాలిన గీత మండుతోంది. ఇన్నాళ్లు తన పాదాన్ని అనుమానించుకున్నది ఈ వేలెడు రబ్బరు కోసమా అనుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక పట్టుకారు వేణు చేతికిచ్చి, మొహం కడుక్కోవడానికి పోయింది. ఆమె తిరిగి వచ్చేసరికి ఆమె చెయ్యి కాలిందని వేణు చెబితే ధనుంజయ్ అతన్నే మందుకు పంపించి, తడి గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కడ కాలిందో అతనికి కనిపించలేదు. ఆమె చెయ్యి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

కొత్త పైపు ఊరిలోనే దొరికింది. తిరిగి వచ్చేటప్పుడు వేములవాడ దాటింది, రుద్రంగి దాటింది, కోరుట్ల వచ్చింది. స్పీడు ముల్లు పెట్టినచోటే ఉంది.

శుక్రవారం పొద్దున సరిత కారు తుడుస్తుంటే ధనుంజయ్ చొక్కా వేసుకోలేదు. లుంగీ మీదనే అరుగు మీద కూర్చున్నాడు.

"వస్తలేవా?" అని అడిగింది.

"నేనెందుకు? నువ్వు పోతున్నవు గదా. పో."

అతను లేకుండా ఆమె పెద్ద కిరాయికి పోవడం అదే మొదలు. పక్క సీటు ఖాళీగా ఉంటే ఎడమ వైపు గాలి ఎక్కువగా కొట్టినట్టనిపించింది. మొగిలవ్వను ఎక్కించుకుంది. ఆ రోజు సాయినాథ్ పనికి పోయాడు, తల్లిని అప్పగిస్తూ, "సాయంత్రం అవ్వనడిగి చెప్త అక్కా," అని మాత్రం అన్నాడు. మొగిలవ్వ ఎక్కుతూనే కొంగు నోటి దగ్గర పెట్టుకుంది.

మోహన్‌రావుపేట పోయింది. మేడిపల్లి వచ్చింది, పోయింది. సరిత వెనక్కి చూడలేదు. రోడ్డునే చూస్తూ నడిపింది. ఒక వరి కోత మిషను ముందు నుంచి అడ్డంగా దిగితే వేగం తగ్గించి, మళ్లీ నాలుగో గేరు వేసింది. బండి ఒక్కతీరుగా సాగిపోయింది. జగిత్యాల పొలిమేర కనిపించాక వెనక నుంచి గొంతు వచ్చింది.

"బిడ్డా."

"ఆపాల్నా అవ్వా?"

"ఆపు. గా టిఫిన్ బండి కాడ ఆపు. ఆకలైతుంది."

సరిత ఆపింది. మొగిలవ్వ సీట్లోనే కూర్చుని, నీళ్లు ఎక్కువ తాగొద్దన్న డాక్టరు మాట గుర్తుంచుకుని, రెండు ఇడ్లీలు చట్నీ కొంచెంగా అద్దుకుని తింది. వేళ్లు తుడుచుకుని, "పోరనికి ఫోన్ కలుపు," అంది. సరిత కలిపి ఇచ్చింది.

"ఒరే సాయీ, గా వేరే బండాయనకు వద్దని చెప్పు. ఎందుకేందిరా, నేను తిన్న. ఆ, ఇప్పుడే తిన్న. మంచిగున్నది. వద్దని చెప్పు గంతే."

ఆమెను లోపలికి చేర్చి వచ్చాక సరిత కారులో కూర్చుని ధనుంజయ్‌కి ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"అవ్వ కక్కుకున్నదా?"

"లేదు. ఇడ్లీలు తిన్నది. సోమారం సుత మన బండే అన్నది."

అవతల నుంచి ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. తర్వాత అతను అన్నాడు. "పక్కింటి దేవవ్వ అచ్చింది గిప్పుడే. ఆమె బిడ్డ రచన డ్రైవింగ్ నేర్చుకుంటదట. నువ్వు నడుపుడు చూసి ఆమెకు సుత మనసైందట. నేర్పుతవా అని నన్ను అడిగిండ్రు."

"ఏమన్నవు?"

"బండి నీ చేతిల ఉన్నది. నిన్ను అడిగి చెప్త అన్న."

సరిత కిటికీ అద్దం దించింది. ఆసుపత్రి ముందు ఆటోలు వచ్చి ఆగుతున్నాయి, దిగుతున్నవాళ్లు దిగుతున్నారు. ఆమె పక్క సీటు మీద చెయ్యి వేసింది.

"ఆదివారం పొద్దుగాల్ల రమ్మను," అంది. "వెంచర్‌ల నేర్పు. నేను సుత వస్త."